గోడ మీది రింగు బొంగరం

అచ్చియమ్మ రోజూ పొద్దున్న ఆరు కొట్టీసరికి లేసేది. కొంగు బొడ్లో దోపుకోని ముందు పెద్ద తమ్ముడి వాకిలి ఊడిసేది, తరవాత సిన్న తమ్ముడి వాకిలి ఊడిసేది. రెండు గుమ్మాల ముందూ కళ్ళాపి జల్లి రెండు ముగ్గులేసేది. ముగ్గులు రెండూ ఒక్కలాగే ఉండాల. ఒకదానికి ఓ సుక్క ఎక్కువ పడిందంటే ఆ పగలంతా మరదళ్ళలో ఒకరికి అన్నం దిగదు. అదయ్యాక తడిగుడ్డ పట్టుకోని రెండిళ్ళ మజ్జనున్న గోడ కాడికెల్లి, గోడ మీద దుమ్ము తుడిసేది. తుడిసినప్పుడు మజ్జలో ఓ జానెడు మేర వొదిలీసేది. ఆ జానెట్లో రింగు బొంగరం తిరుగుతా ఉండేది.

పాలు పోసే లోవరాజు సైకిలు దిగకుండానే అడిగేవోడు, తిరుగుతందా అని. తిరుగుతంది అనేది ఈవిడ. ఆడు పాలు కొలిసి పోయీవోడు. ఆవు ఈనిందా అని అడుగుతాం సూడండి, అలాగ.

నాలుగేళ్ళు తిరిగినాదది. నర్సీపట్నంలో ఎవర్నడిగినా ఈ కత సెప్తారు గానీ, ఒకడు రెండేళ్ళంటాడు, ఒకడు మూడేళ్ళంటాడు. ఆళ్ళకి లెక్కలు రావు. నాను మూడో తరగతి దాకా సదివినాను. నాలుగేళ్ళు, పైన పదకొండు రోజులు.

మొదట్నుంచీ సెప్తాను.

అచ్చియమ్మకి పదిహేనేళ్ళప్పుడు తల్లీ తండ్రీ ఒక్క ఏడాదిలోనే పోయినారు. అప్పటికి పెద్ద తమ్ముడు సింహాద్రికి ఐదేళ్ళు, సిన్నోడు గణేశ్వరరావుకి మూడు. అప్పా అనే పిలిసేవోళ్ళు ఇద్దరూ. అక్కని మా వైపు అలాగే అంటాం. ఈవిడ జీడిపిక్కల బట్టీలో పనికి కుదురుకున్నాది. కాల్సిన పిక్కని కర్రతో కొట్టి పప్పు తియ్యడం. పెళ్ళి సంబంధాలు రాకపోలేదు. వచ్చినోళ్ళు పిల్ల నచ్చిందనే అన్నారు, సంకనున్న ఇద్దర్నీ మట్టుకు దించీసి రమ్మన్నారు. ఈవిడ దించనేదు.

ముప్పయ్యేళ్ళు పిక్కలు కొట్టినాది. జీడి రసం సంగతి మీకు తెలుసో లేదో, సదువుకున్నోళ్ళు పప్పు తింటారు గానీ రసం సూడరు. సర్మం తినీస్తాది. అచ్చియమ్మ వేళ్ళ మీద ఒక్క గీత మిగల్లేదు. బియ్యం ఇచ్చే డీలరు మిసను మీద వేలెడితే, మనిసి ఎదురుగా ఉన్నా సరే, ఆ మిసను ఎవరూ లేరని సెప్పేది. ఆవిడ ఒక్కత్తీ కార్డు పెట్టుకుంటే గింజ రాదు. ఎవరో ఒకరి కార్డులో పేరెక్కాల, ఆళ్ళ వేలితో తినాల.

పెదబొడ్డేపల్లి ఎల్లే రోడ్డు పక్కన తండ్రి వొదిలిన జాగా ఉంటే, అక్కడ తమ్ముళ్ళకి రెండిళ్ళు లేపినాది. ఇద్దరికీ పెళ్ళిళ్ళు సేసినాది. సింహాద్రి కౌలుకి పొలం సేస్తాడు. గణేశ్వరరావుకి టెంట్ హౌసు. పెళ్ళిళ్ళు అయ్యాక రెండిళ్ళ మజ్జన గోడొచ్చింది. అచ్చియమ్మ పడుకునే గది ఎక్కడుండేదీ అంటే, ఆ గోడొచ్చిన కాడ ఉండేది.

గది పోయాక వంతులు పెట్టుకున్నారు. నెల సింహాద్రి ఇంట్లో, నెల గణేశ్వరరావు ఇంట్లో. జనవరి పెద్దోడిది, ఫిబ్రవరి సిన్నోడిది. అలాగ రెండేళ్ళు బానే జరిగింది. మూడో ఏడు సింహాద్రి పెళ్ళాం పుష్పవతి చింతపిక్కలేసుకోని లెక్కెట్టినాది. జనవరి, మార్చి, మే, జులై, అన్నీ ముప్పయ్యొకటే. ఏడాది మొత్తం మీద మా ఇంట్లో నూట ఎనభై నాలుగు రోజులు తింటంది, ఆళ్ళింట్లో నూట ఎనభై ఒకటి. మూడ్రోజులు మేమెందుకు ఎక్కువ పెట్టాల? ఇదీ పుష్పవతి మాట. గణేశ్వరరావు పెళ్ళాం సత్యశ్రీ ఊరుకుంటాదా. దసరా, దీపావళీ మా నెలల్లో పడినప్పుడు పిండివంటలు మేం పెట్టనేదా, ఆ లెక్క ఎక్కడ, అన్నాది. ఇలాగ గోడకి అటొకరు ఇటొకరు నిలబడి నెల్లాళ్ళు అరుసుకున్నారు. ఆ నెల్లాళ్ళు అచ్చియమ్మ ఏ ఇంట్లో తిన్నాదో ఎవరూ లెక్కెట్టనేదు.

తగువు వార్డు పెద్ద తాతాజీ టీ కొట్టు కాడికెల్లింది. ఆ టయానికి జోసఫ్ రాజు అక్కడే ఉన్నాడు. ఈయన ఆటబొమ్మలమ్ముతాడు. ఆదివారం చర్చికి, మిగతా రోజులు బస్ కాంప్లెక్సు కాడికి, ఊళ్ళల్లో తీర్థాలొస్తే ఆ జాతరలకి. బొంగరాలు, గిరగిరా తిరిగే రెక్కలు, వేళ్ళ మజ్జన తిప్పుకునేవీ, అన్నీ తిరిగేవే ఈయన కాడ. అన్నింట్లోకీ గొప్పది రింగు బొంగరం. ఇనప రింగుల మజ్జన బరువైన సక్రం ఉంటాది. దాని ఇరుసుకి దారం సుట్టి సర్రున లాగితే, సక్రం తిరుగుతన్నంతసేపూ పెన్ను మొన మీద నిలబడతాది, కట్టిన తాడు మీద నడుస్తాది, పక్కకి వొంగుతాది గానీ పడదు. అట్టపెట్టి మీద ఇంగ్లీషులో జైరోస్కోపని రాసుంటాది. కొనేవోడికి పేరుతో పనేటి.

తాతాజీ టీ గళాసు అంచు మీద ఆ బొమ్మ నిలబడుంటే సింహాద్రి సూసినాడు. సూసి, మాటలెందుకు బావా, దీన్ని గోడ మీద పెడదాం, ఎటు పడితే ఆళ్ళే అప్పని ఉంచుకోవాల, అన్నాడు. గణేశ్వరరావు సరే అన్నాడు. తాతాజీకి బేగి తేలిపోతాదని సంబరం. ఒప్పందం ఆయనే సెప్పినాడు. ఎటు పడితే అటువైపోళ్ళు సచ్చీదాకా సూసుకోవాల, బియ్యం కార్డులో పేరెక్కించాల. మజ్జలో ఎవడైనా బొంగరం మీద సెయ్యేసినాడా, ఆడే అప్పని తీసుకోవాల. వీధిలో అందర్నీ అడిగినారు, అందరూ బాగుందన్నారు. జోసఫ్ రాజునడిగితే, రెండు నిమిసాల్లో పడిపోద్దండి, మూడు దాటదు, అన్నాడు. అచ్చియమ్మనొక్కత్తినే అడగనేదు. గడువొకటి పెట్టాలన్న సంగతి కూడా, అంతమంది పెద్దమనుసుల్లో ఒక్కడికీ తట్టనేదు. నానక్కడుంటే తట్టును.

దారం ఎవరు లాగాలన్న కాడ మళ్ళీ పేసీ వచ్చింది. సింహాద్రి లాగితే అటు పడేలాగ లాగుతాడని గణేశ్వరరావు, గణేశ్వరరావు లాగితే ఇటు పడేలాగ లాగుతాడని సింహాద్రి. ఆఖరికి దారం అప్ప సేతికిచ్చినారు.

అచ్చియమ్మ లాగినాది. ముప్పయ్యేళ్ళు పిక్కలు కొట్టిన సెయ్యి. దారం ఊడొచ్చినప్పుడు ఈల ఏసినట్టు సప్పుడొచ్చిందంట. బొమ్మ గోడ మీద నిటారుగా నిలబడి తిరగడం మొదలెట్టింది. రెండు నిమిసాలైంది. పది నిమిసాలైంది. అన్నాలేళకి జనం ఇళ్ళకెల్లిపోయి తినేసి వచ్చినారు. తిరుగుతంది. మూడోనాడు తాతాజీ కొట్టు తీసుకోవాలని ఎల్లిపోయినాడు. వారం పోయాక తమ్ముళ్ళు కూడా ఎవరి పన్లోకాళ్ళు పోయినారు.

దాని కాడికి వానొచ్చింది, తుపానొచ్చింది. ఎదర వీధిలో రేకులు లేసిపోయినాయి గానీ ఇది కదల్లేదు. కోతి ఒకటొచ్చి దాని ముందు కూకోని, అరగంట సూసి, తలకాయ తిరిగి సింహాద్రి పెరట్లో పడింది. పుష్పవతి కావాలని గోడవార రోలెట్టుకోని కారం దంచేది, గోడ అదిరి అటు పడతాదని. సత్యశ్రీ ఇటేపు నుంచి బట్టలు ఝాడించేది. బొమ్మ ఓసారి తల వొంచేది, మళ్ళీ లేసేది. ఇద్దరికీ రెక్కలు నొప్పెట్టడం తప్ప ఏం జరగలేదు. సెయ్యి మట్టుకు ఒక్కరూ వెయ్యలేదు.

మరి అచ్చియమ్మ? బొంగరం పడనేదు కాబట్టి ఆవిడ ఏ ఇంటి మనిసీ కాదు. గోడ రోడ్డు దాకా వచ్చి ఆగుతాది. ఆ సివర, సగం కాలవ మీదా సగం నేల మీదా, రెండు రేకులేసుకోని ఉండేది. పెద్ద ఇంటోళ్ళు సిన్న ఇంటోళ్ళు పెట్టుంటారనుకునేవోళ్ళు, సిన్న ఇంటోళ్ళు పెద్ద ఇంటోళ్ళు పెట్టుంటారనుకునేవోళ్ళు. బట్టీకెల్లి సగం కూలికి పప్పుల పొట్టు తీసి, దాంతో నూకలు కొనుక్కునీది. కార్డులు రాసుకునే ఉద్యోగస్తులొచ్చి ఎవరి కుటుంబమమ్మా అనడిగితే గోడ సూపించేది. ఆళ్ళు గోడ మీదికి సూసి, తేలలేదు అని రాసుకోని పోయీవోళ్ళు. మరుసటేడు వచ్చినోళ్ళూ అదే రాసినారు.

రెండో ఏడు జోసఫ్ రాజు వచ్చినాడు. బొమ్మని అటు నుంచీ ఇటు నుంచీ సూసినాడు. ఇలాంటివి మూడు వేలు అమ్మినానండీ, మూడు నిమిసాలు దాటింది లేదు అన్నాడు. అని, కాలవ గట్టు మీద కూకోని నెమ్మదిగా అడిగినాడు.

"అచ్చియమ్మగారూ, ఇది నా బొమ్మ గొప్ప కాదండి. మీరెలా లాగినారో సెప్పండి."

ఈవిడ నూకల్లో రాళ్ళేరుకుంటా సెప్పినాది.

"బేగి పడిపోతే ఆలోసించుకోడానికి ఆళ్ళకి టయముండదని గట్టిగా లాగినాను బాబూ. పడేలోగా ఇద్దర్లో ఒకడైనా సెయ్యేసి, ఈ ఆటెందుకు, అప్ప మా ఇంటికొస్తాదిలే అంటాడని."

జోసఫ్ రాజు మళ్ళీ దాని సంగతి ఎత్తలేదు. నాకు మోకాళ్ళు పడిపోతన్నాయి, తీర్థాలకి తిరగలేకపోతన్నాను, మీరొచ్చి నా బండి కాడ కూకుంటే సాలు, ఇద్దరికీ గడిసిపోద్ది, అన్నాడు. అచ్చియమ్మ రానన్నాది. నానిక్కడ లేనప్పుడు ఎవడైనా సెయ్యేస్తే, అప్పేదీ అని ఎతుక్కోరా? ఇదీ ఆవిడ భయం. ఆయన ప్రతి నెలా వచ్చి అడిగేవోడు, ఈవిడ ప్రతి నెలా అదే సెప్పేది.

నాలుగేళ్ళు నిండిన వారానికి అచ్చియమ్మకి జొరమొచ్చింది. మామూలు జొరం కాదు, నిలబెడితే పడిపోయేలాంటిది. వాకిళ్ళు రెండూ ఊడ్సకుండా ఉండిపోయినాయి. మొదటి రెండ్రోజులూ మరదళ్ళు ముగ్గు లేదని సణుక్కున్నారు. మూడోనాడు ఇద్దరికీ ఒకే సంగతి ఎలిగింది. ఇన్నాళ్ళూ బొంగరం ఇటు పడితే ఊడ్సే మనిసి ఒచ్చేది. ఇప్పుడు పడితే మంచాన పడ్డ మనిసి ఒస్తాది. మందులు, గంజి, ఎత్తడం, దించడం. ఎన్నాళ్ళో ఎవరికి తెలుసు.

నాలుగోనాడు పొద్దున్న తొమ్మిదికి సింహాద్రి తన గుమ్మం లోంచి బయిటికొచ్చినాడు. అదే టయానికి గణేశ్వరరావు తన గుమ్మం లోంచి వచ్చినాడు. ఇద్దరూ తిన్నగా గోడ కాడికే వచ్చి, బొంగరానికి అటొకడు ఇటొకడు నిలబడి, సేతులు పైకెత్తినారు.

రేకుల కింద దుప్పటి కప్పుకోని అచ్చియమ్మ అది సూసినాది. నాలుగేళ్ళుగా ఆవిడ సూస్తన్నది ఆ సేతుల కోసమే. జొరంలోనే లేసి కూకున్నాది. జుట్టు ముడేసుకున్నాది. పమిట సరి సేసుకున్నాది. ఒకడు కాదు, ఇద్దరూ ఒక్కసారే సెయ్యేస్తే ముందెవరింటికెల్లాలా అని కూడా అనుకున్నాదంట, పిచ్చిది.

సింహాద్రి ఎత్తిన సెయ్యి గోడ ఎత్తు సూసుకోడానికి. వడ్లు తూర్పారబట్టే పెద్ద ఫ్యాను ఆడి ఎనకాల ఉన్నాది. దాన్ని బల్లెక్కించి, మూతి సిన్నోడి వైపు తిప్పినాడు. గణేశ్వరరావు కూడా గోడ ఎత్తే సూసుకుంటన్నాడు. పెళ్ళి పందిట్లో పెట్టే స్టాండు ఫ్యాను తెచ్చుకున్నాడు, మనిసెత్తుది. అదీ మూతి తిప్పింది. ఒప్పందంలో సెయ్యెయ్యకూడదనే ఉంది, గాలికి సెయ్యి లేదుగదా. అంత తెలివైనోళ్ళు తమ్ముళ్ళు. ఒకళ్ళకి తెలీకుండా ఒకళ్ళు ఆలోసించినా ఒకే ఆలోసనొచ్చింది. ఒకే సెయ్యి అన్నం పెట్టి పెంచినాది మరి.

రెండు ఫ్యాన్లూ ఒక్కసారే ఏసినారు.

అచ్చియమ్మ మళ్ళీ పడుకోలేదు. అలాగే కూకోని సూసినాది. అప్పుడు, నాలుగేళ్ళలో మొదటిసారి, బొంగరం తూలింది.

వీధంతా వచ్చీసింది. పాలు పోసే లోవరాజు కేను దించీసి గోడవార నిలబడినాడు. తాతాజీ టీ గళాసు పట్టుకునే పరిగెత్తుకొచ్చినాడు. అటు నుంచి ఇంత గాలి, ఇటు నుంచి అంత గాలి. గడ్డీ గాదం లేసి జనం కళ్ళల్లో పడుతంది. పుష్పవతి ఇంకా పెంచు ఇంకా పెంచు అంటంది, సత్యశ్రీ నోటితో కూడా ఊదుతంది. బొమ్మ అటు వొంగింది. జనం అటు సూసినారు. ఇటు వొంగింది, ఇటు సూసినారు. కానీ రింగు బొంగరం గుణం ఒకటుంది, తోసిన వైపు పోదది. అటు నుంచి తోసినా ఇటు నుంచి తోసినా అడ్డంగా పోతాది. రెండు గాలుల మజ్జనా నలిగి నలిగి, అటూ పడక, ఇటూ పడక, గోడ మీద నడవడం మొదలెట్టింది.

తూలుకుంటా, ఆగుకుంటా, ముసలిమనిసి గట్టు మీద నడిసినట్టు, గోడ వారనే రోడ్డు వైపు పోయింది. తమ్ముళ్ళు ఫ్యాన్లు ఎత్తుకోని దాని ఎంబడే వచ్చినారు, వైర్లు అందినంత దూరం. గోడ సివరికొచ్చినాక ఓ గడియ నిలబడింది. రేకుల కిందున్న అచ్చియమ్మ సెయ్యి సాపితే అందీదే. సాపలేదు. బొమ్మ పక్కకి వొరిగి, రోడ్డు మీద పడింది. రెండు దొర్లు దొర్లి, ఆగిపోయింది.

ఫ్యాన్లు ఆపమన్నాడు తాతాజీ. కాసేపు బుర్ర గోక్కున్నాడాయన. పెద్దరికం కదా, ఏదో ఒకటి సెప్పాల.

"ఎటు పడితే ఆళ్ళదే అనుకున్నాం. రోడ్డు వైపు పడింది" అన్నాడు.

అందులో తప్పేటో ఎవరికీ కనబళ్ళేదు. ఎవడో మున్సిపాలిటీ రోడ్డు కాబట్టి మున్సిపాలిటీయే సూసుకోవాల అన్నాడు, నలుగురు నవ్వినారు. సింహాద్రి, తీర్పు తీర్పే అన్నాడు. గణేశ్వరరావు ఊపిరి వొదిలినాడు. పక్కింటి దాకా ఇనబడిందంట.

ఆ పూట మట్టుకు రెండిళ్ళ నుంచీ కారియర్లొచ్చినాయి. రెండింట్లోనూ నెయ్యేసిన పప్పే. జోసఫ్ రాజు ఇంటికెల్తానన్నాది అచ్చియమ్మ, తాతాజీ ఆటో పిలిసినాడు. రేకుల కిందున్న ఇనప పెట్టెని తమ్ముళ్ళిద్దరూ సెరో పక్కా పట్టుకోని ఎత్తినారు. గోడ కట్టినాక ఇద్దరూ కలిసి సేసిన పని అదొక్కటే. జాగర్త, కాలవ, అని ఒకడికొకడు సెప్పుకున్నారు కూడా. ఆటోలో పెట్టీసరికి ఇద్దరికీ సెమటలు పట్టినాయి.

అచ్చియమ్మ దుప్పటి కప్పుకోని ఆటోలో కూకున్నాది. ఇద్దరి మొకాలూ సూసినాది.

"బరువుగున్నాదేట్రా?" అని అడిగినాది. "మిమ్మల్నిద్దర్నీ సెరో సంకనా ఏసుకోని బట్టీకెల్లీదాన్ని. నాకు బరువు తెలీదు."

ఆటో కదిలింది. రోడ్డు మీదున్న బొమ్మని ఆవిడ తియ్యలేదు. మధ్యాన్నానికి లారీ ఏదో తొక్కీసింది.

మరుసటి నెల తమ్ముళ్ళు సెరి సగం ఏసుకోని గోడ మూడు వరసలు లేపినారు, మీద గాజుపెంకులు గుచ్చినారు. జొరం జోసఫ్ రాజు ఇంట్లో తగ్గింది. ఆయన మోకాళ్ళు మట్టుకు తగ్గలేదు, అంచేత ఆయన ఇంటికాడ దారాలు సుడతాడు, ఈవిడ బస్ కాంప్లెక్సు కాడ బండేసుకోని కూకుంటాది. సింతపల్లి బస్సు దిగినోళ్ళు, రోలుగుంట బస్సెక్కీవోళ్ళు, అందరికీ ఆవిడ తెలుసు. నాలుగేళ్ళ బొంగరం లాగిన సెయ్యని ఏరే కాడ కొనీవోళ్ళు లేరు, ఈవిడ కాడికే వస్తారు. మాకూ అలాంటిదే లాగివ్వమ్మా అంటారు.

ఈవిడ దారం సుట్టి లాగుతాది. అదే సెయ్యి, అదే ఈల సప్పుడు. సక్రం లేసి అట్టపెట్టి మీద నిలబడతాది. పిల్లలు సప్పట్లు కొడతారు. ఓ నిమిసం తిరుగుతాది, రెండో నిమిసానికి తూలుతాది, పడిపోతాది.

మొన్న శనివారం ఓ సిన్న గుంట, తల్లి సెయ్యి పట్టుకోని వచ్చింది. పడిపోయిన బొమ్మని సూసి మొకం ముడుసుకున్నాది. ఇంతేనా మామ్మా, అన్నాది.

"ఇంతే తల్లీ, రెండు నిమిసాలు" అన్నాది అచ్చియమ్మ, బొమ్మని తుడిసి పెట్టిలో పెడతా. "అంతకన్నా ఎక్కువ తిరిగిందంటే ఎవరింట్లోనూ ఉంచుకోకండి."